జేబులో రూపాయి, పక్కింటి వాటా: ఇస్లాం చెప్పే ఖర్చు లెక్క మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ముప్పై ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. జుమా నమాజు అయ్యాక టీ అంగడి దగ్గర, అల్మాస్‌పేట వీధుల్లో, పెళ్లి పందిళ్లలో జనం ఆపి అడిగే ప్రశ్నలే ఇవి. ముఫ్తీని కాను, ఫత్వా (మత తీర్పు) కావాలంటే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి. లెక్క కావాలంటే కూర్చోండి.

కాలేజీ పుస్తకంలోని వినియోగదారుడికీ ఇస్లాం చెప్పే వినియోగదారుడికీ తేడా ఏంది సార్?

క్షీణోపాంత ప్రయోజన సూత్రం నేను ఎర్రకారం దోసెతో చెప్పేవాణ్ణి. ఆకలి మీదున్నవాడికి మొదటి దోసె అమృతం, రెండోది బాగుంటుంది, మూడోది సరే, నాలుగోది పప్పుల పొడి అద్దుకున్నా దిగదు. ఆ తర్వాత ఒకే తృప్తినిచ్చే సరుకుల జతలను చూపే ఉదాసీనతా వక్రరేఖలు, జేబులో డబ్బుకు ఏమేం వస్తాయో చూపే బడ్జెట్ రేఖ, ఆ రెండూ తాకిన చోట సమతౌల్యం. పిల్లలు స్కేలు పెట్టి నీట్‌గా గీసేవాళ్లు. ఆ బొమ్మలో ఒక మనిషి, రెండు సరుకులు, ఒక ఆదాయం. ఇంకెవరూ ఉండరు.

ఒకసారి వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "సార్, ఆ నాలుగో దోసె బయట నిలబడినోడికి ఇస్తే అది వాడికి మొదటి దోసె కదా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఇద్దరు మనుషుల తృప్తిని పక్కపక్కన పెట్టి కొలవడం శాస్త్రం పని కాదని 1932లో లయనెల్ రాబిన్స్ వాదించాడు, చాలామంది ఆర్థికవేత్తలు ఆ దారే పట్టారు. ఇస్లాం లెక్క సరిగ్గా ఆ పిల్లాడి ప్రశ్న దగ్గర మొదలవుతుంది. షేర్వా వండితే నీళ్లు కొంచెం ఎక్కువ పోసి పక్కింటికీ పంపమని సహీహ్ ముస్లిం అనే సంకలనంలో హదీసు (ప్రవక్త మాట) ఉంది. ఇక్కడి వినియోగదారుడికి పక్కిల్లు ఉంటుంది, తేడా అంతా అదే.

దీన్నే బొమ్మగా గీసినవాళ్లూ ఉన్నారు. సిరియాలో పుట్టిన ఆర్థికవేత్త ముంజర్ కహ్ఫ్ ఒక అక్షం మీద ఈ లోకపు ఖర్చును, రెండో అక్షం మీద పరలోకం కోసం చేసే ఖర్చును పెట్టాడు. దానం చేసిన డబ్బు పుస్తకంలో ఆదాయం నుంచి కారిపోయినట్టు కనబడుతుంది. ఆయన బొమ్మలో అది కొనుక్కున్న సరుకుతో సమానం.

ఏది అవసరం, ఏది విలాసం? ఎవరు తేలుస్తారు?

ఇస్లామీ పండితుడు ఇమాం గజాలీ (1058–1111) అవసరాల వరస చెప్పాడు, స్పెయిన్‌లోని గ్రనడాకు చెందిన షాతిబీ (మరణం 1388) దాన్ని విస్తరించాడు. మొదటిది జరూరియాత్, అది లేకపోతే బతుకే ఆగిపోతుంది. ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ఆస్తి, ఈ ఐదింటినీ కాపాడేది. రెండోది హాజియాత్, లేకపోతే బతకొచ్చు కానీ కష్టం. మూడోది తహ్‌సీనియాత్, బతుక్కి అందం. మొదటిది తీరకుండా మూడోదాని మీద పడకూడదనేది వరస. మూడోది తప్పని ఎవరూ అనలేదు. అత్తరు రాసుకోవడం, పండగకు ఉన్నవాటిలో మంచి బట్టలు తొడగడం సున్నతే (ప్రవక్త నడిచిన పద్ధతే) కదా.

చిక్కేమిటంటే ఏ వస్తువూ ఒకే మెట్టు మీద నిలబడదు. మే నెలలో కడప ఎండ నలభై దాటుతుంది. రేకుల ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఫ్యాను జరూరత్. అదే ఇంట్లో పెద్దాయనకు గుండె జబ్బుంటే కూలరు కూడా జరూరతే. పార్సిళ్లు తిరిగే కుర్రాడికి ఫోను బండి చక్రంలాంటిది. వాడి తమ్ముడికి అదే ఫోను కెమెరా మోజు. కాబట్టి వస్తువును కాదు, అది ఎవరి చేతిలో ఉందో చూడాలి.

ఇస్రాఫ్, తబ్‌జీర్ రెండూ దుబారానే కదా?

కాదు. తినాల్సిందే కొలత దాటి తింటే, కొనాల్సిందే మోతాదు మించి కొంటే ఇస్రాఫ్. "తినండి, తాగండి, హద్దు మీరకండి" అన్నది ఖుర్ఆన్ 7:31. అసలు ఖర్చు పెట్టకూడని చోట పోసేది తబ్‌జీర్. అట్లా పోసేవాళ్లను 17:27 షైతాన్లకు అన్నదమ్ములంది. పారే ఏటి ఒడ్డున వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేస్తున్నా నీళ్లు వృథా చేయొద్దని హదీసు. కొరత ఉంటేనే పొదుపు అనే అర్థశాస్త్రానికి ఈ మాట కొరుకుడు పడదు. ఏరు నిండుగా పారుతున్నా చేతికి కొలత ఉండాలంటోంది.

పెళ్లి భోజనాలే చూడండి. మా బంధువుల వలీమాలో (పెళ్లి విందులో) వెయ్యి మందికి దేగ్‌లు (పెద్ద వంట గిన్నెలు) ఎక్కించారు. ఆ రాత్రి వాన, వచ్చింది ఆరువందల మంది. పదకొండు గంటలకు పెళ్లికొడుకు తండ్రి మూత తీసి, గరిటెతో కదిపి, మళ్లీ మూత పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి కుర్రాళ్లు నలుగురు పార్సిల్ డబ్బాలు తెచ్చి నింపి, ఆటోలో రిమ్స్ దగ్గర రోగుల వెంట ఉండేవాళ్లకు పంచొచ్చారు. అది మంచి పనే. కానీ ఆ వెయ్యి అనే లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకు ముందు నెల బావమరిది పెళ్లిలో ఎనిమిది వందలు వేశారు కాబట్టి. ప్రవక్త సహచరుడు అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్ పెళ్లి చేసుకుంటే ప్రవక్త "ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వు" అన్నారు. ఆయన అప్పటికి మదీనాకు వలస వచ్చి, అంగట్లో వ్యాపారం మొదలుపెట్టి నిలదొక్కుకుంటున్నవాడు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మెహర్ పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సింది, 4:4లో స్పష్టంగా ఉంది. అమ్మాయి వైపు నుంచి గుంజే జోడా డబ్బులకూ బండికీ ఏ ఆయతూ (ఖుర్ఆన్ వాక్యం) లేదు.

అయితే ఖర్చు ఎంత తగ్గిస్తే అంత పుణ్యమా?

అట్లా అనుకునే పెద్దమనుషులు మా వీధిలోనూ ఉన్నారు. "చేతిని మెడకు కట్టేసుకోకు, పూర్తిగా చాపేయకు" అని 17:29. పిసినారితనమూ తప్పే, దుబారాకు అది విరుగుడు కాదు.

అబూ సుఫ్యాన్ భార్య హింద్ ప్రవక్త దగ్గరికొచ్చి, మా ఆయన పిసినారి, నాకూ పిల్లలకూ సరిపడా ఇవ్వడు, ఆయనకు తెలీకుండా తీసుకోవచ్చా అని అడిగింది. నీకూ నీ పిల్లలకూ చాలినంత, న్యాయంగా తీసుకో అన్నారాయన. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం సంకలనాలు రెండింట్లోనూ ఉంది. ఇంటి ఖర్చు భర్త దయ కాదు, భార్య హక్కు అన్నమాట. ఈ హదీసు చెప్తే ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు వినిపిస్తుంది, మగవాళ్లు టైమెంతయిందని వాచీ చూసుకుంటారు.

ఇదంతా ముస్లింలకేనా?

జకాత్ (ఏటా ఆస్తి మీద ఇవ్వాల్సిన వాటా), ఫిత్రా (రంజాన్ ఈద్‌కు ముందిచ్చే దానం) విధులు ముస్లింలకు. తూకం, మాట, అప్పు, దుబారా సంగతులు అందరివీ. ఉగాది పొద్దున దేవుని కడపకు వెళ్తే బీబీ నాంచారి మా ఆడబిడ్డ అంటూ కొబ్బరికాయలు పట్టుకుని వచ్చే ముస్లింలు కనబడే ఊరు మనది. ఇక్కడ సంత ఒక్కటే, అందరం ఒకే కాటా ముందు నిలబడతాం.

ఫోను "వడ్డీ లేని ఈఎంఐ"లో కొనొచ్చా? వడ్డీ సున్నా అంటున్నారు కదా.

ఈ ప్రశ్న కుర్రాళ్లది, దసరా ఆఫర్ల సీజన్లో రోజుకొకటి. వడ్డీ సున్నా అనేదే ఉండదని, అది ఎక్కడో దాక్కుని ఉంటుందని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు రాసింది. లెక్క చూడండి. ఫోను రూ. 20,000. పన్నెండు కంతులు, నెలకు రూ. 1,667. కార్డు బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తుందనుకుందాం. అప్పుడు బ్యాంకు పుస్తకంలో మీ పేర ఉండే అప్పు దాదాపు రూ. 18,465. మిగతా రూ. 1,535 వడ్డీ. అంత మొత్తాన్ని అమ్మేవాడు ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు కాబట్టి మీకు కనబడదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో రూ. 276, మీ జేబు నుంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. రొక్కమిచ్చి కొనేవాడికి ఆ తగ్గింపు చాలాసార్లు ఉండదు, అడిగి చూడండి.

పేపరు మీద వడ్డీ ఒప్పందం ఉంది కాబట్టి చాలామంది ఆలిములు (మత పండితులు) వద్దంటారు. అదే అంగడివాడు తన సొంతంగా, "రొక్కానికైతే 20,000, ఏడాది కంతులకైతే 21,500, ఏదో ఒకటి ఇప్పుడే తేల్చు" అంటే మెజారిటీ పండితులు సరేనన్నారు. ఒకే షరతు: ధర ఒక్కసారే తేలాలి, కంతు ఆలస్యమైనా పైసా పెరగకూడదు.

"రెండూ ఒకటే కదా సార్, ఎక్కువ కట్టేది ఎక్కువే కదా" అంటారు. ఈ వాదన కొత్తది కాదు. వ్యాపారమూ వడ్డీ లాంటిదే కదా అని ఆనాటి జనం అన్నట్టు 2:275 లోనే ఉంది. అమ్మకంలో సరుకు అంగడివాడి చేతిలో ఉన్నంతసేపు పగిలినా పోయినా నష్టం వాడిదే, ధర ఒకసారి తేలాక పెరగదు. వడ్డీలో డబ్బు డబ్బును కంటుంది, మీరు మంచాన పడ్డా అది ఎదుగుతూనే ఉంటుంది. నూటికి మూడు చొప్పున రోజువారీ వసూలోడి దగ్గర తీసుకున్నవాళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. పేరు మార్చి అదే పని చేసే "ఇస్లామీ" ఒప్పందాలూ కొన్ని ఉన్నాయి, వాటిని సమర్థించను.

మరి అవసరానికి డబ్బు ఎక్కడ దొరుకుతుంది? ఇస్లామీ బ్యాంకు లేదా?

మన దేశంలో లేదు. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన ముందుకు తీసుకెళ్లడం లేదని సమాచార హక్కు జవాబులో చెప్పింది.

అయితే వడ్డీ లేని అప్పు మనకు కొత్తదేం కాదు. ఉర్దూలో ఖర్జె హసనా అంటే మన చేబదులు. "వచ్చే నెల ఒకటో తారీఖు ఇస్తా వదినా" అని తీసుకునే ఐదు వేలు. కాకపోతే మనం రాసుకోం, అక్కడే తగాదా. అప్పు రాసుకోమన్న 2:282 ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు. తీర్చలేనివాడికి గడువివ్వమనేది దానికి రెండు ఆయతుల ముందే ఉంది.

చీటీల సంగతి: పాట పాడి తక్కువకు ఎత్తుకునే చీటీలో తక్కువ తీసుకుని ఎక్కువ కడతారు కాబట్టి వడ్డీ వాసన ఉంది. పాట లేకుండా వంతుల వారీగా పూర్తి మొత్తం ఇచ్చేదానికి ఇబ్బంది లేదు.

బ్యాంకు ఖాతాలో పడ్డ వడ్డీ?

తీసి పేదలకు ఇచ్చేయండి, పుణ్యం లెక్కలో వేసుకోవద్దు. జకాత్‌గా చూపించకండి.

ప్రొద్దుటూరులో పాత నగ ఇచ్చి కొత్తది తీసుకోవడంలో తప్పేముంది భాయ్?

మా జిల్లాలో బంగారమంటే ప్రొద్దుటూరు. పోయిన శీతాకాలం మా చెల్లెలితో వెళ్లాను. అమ్మీ ఇచ్చిన పాత చంద్రహారం, ముప్పై రెండు గ్రాములు. అంగడివాడు దాన్ని కాటా మీద పెట్టి, గీటురాయి మీద గీసి, "ఇది తీసుకోండమ్మా" అని ఇరవై ఆరు గ్రాముల కొత్త గొలుసు ట్రేలో తిప్పాడు. తరుగు, మజూరీ అన్నీ ఆ ఆరు గ్రాముల్లో కరిగిపోయాయి. దేనికి ఎంత పోయిందో మాకు తెలీలేదు.

బంగారానికి బంగారం మార్చుకుంటే తూకం సమానంగా ఉండాలి, చేతికి చేయి జరగాలి అని హదీసు. వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు కూడా ఆ వరసలోవే. ప్రవక్త సహచరుడు బిలాల్ రెండు కొలతల నాసిరకం ఖర్జూరం ఇచ్చి ఒక కొలత మేలురకం తెస్తే ప్రవక్త, అది వడ్డీయే, ముందు నీది అమ్ము, ఆ డబ్బుతో మంచిది కొను అన్నారు. నేను చెల్లెలితో అదే చేయించాను. "ముందు ఇది కొనండి, బిల్లు రాసి డబ్బు చేతిలో పెట్టండి. గొలుసు తర్వాత చూస్తాం." అంగడివాడు ముఖం చిట్లించాడు కానీ రాశాడు. ఆ కాగితం మీద స్వచ్ఛత ఎంత కట్టాడో, ధర ఎంతో విడిగా కనబడింది. కొత్త బిల్లులో మజూరీ విడిగా కనబడింది. అప్పుడు బేరం ఆడగలిగాం. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఆ మాటలో ధర దాపరికం మీద ఎంత చూపుందో ఆ రోజు నాకు అర్థమైంది.

హాల్‌మార్కు మూడు గుర్తులూ చూసుకోండి: బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు సంఖ్య). 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి.

సంతలో మోసపోతే? బేరమాడటం తప్పా?

బేరం తప్పు కాదు. కొన్నవాడు, అమ్మినవాడు అక్కణ్ణుంచి విడిపోయేదాకా బేరం రద్దు చేసుకునే హక్కు ఇద్దరికీ ఉందని హదీసు. ప్రవక్త ఒకసారి ధాన్యం రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వాన పడిందన్నాడు అమ్మేవాడు. అయితే ఆ తడిసింది పైన పెట్టి చూపించొచ్చు కదా, మోసం చేసినవాడు మావాడు కాదు అన్నారు. మామిడి పండ్ల బుట్ట అడుగున ఏముందో తెలిసిన ప్రతివాడికీ ఈ కథ తెలిసినట్టే.

తూకంలో తగ్గించేవాళ్ల మీద ఖుర్ఆన్‌లో ఒక అధ్యాయమే మొదలవుతుంది, 83వది. దానికి ఎదురు మాట: "తూచు, మొగ్గు వేసి ఇవ్వు". కూరగాయల అవ్వ కేజీ తూచి, పైన రెండు వంకాయలు వేసి "కొసరు నాయనా" అంటుందే, అదే. ఆమె ఏ హదీసూ చదవలేదు.

అంత మంచి అవ్వ దొరకనప్పుడు 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. జిల్లా కమిషన్‌లో రూ. 50 లక్షల దాకా కేసు వేయొచ్చు, రూ. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

"హలాల్ పెట్టుబడి, నెలకింత లాభం గ్యారంటీ" అన్నారు. పెట్టొచ్చా?

గ్యారంటీ అన్న మాటతోనే అది హలాల్ కాకుండా పోతుంది. ముజారబాలో (ఒకరి డబ్బు, ఇంకొకరి పనితో నడిచే వ్యాపారంలో) లాభం వాటాగా చెప్పాలి, నష్టం పెట్టుబడిదారుడు మోయాలి. బెంగళూరులో 2019లో అట్లాంటి కంపెనీ ఒకటి కూలి, వేల కుటుంబాల డబ్బు పోయింది. గడ్డం, టోపీ, బిస్మిల్లాతో మొదలయ్యే బ్రోచరు, ఇవేవీ ఆడిట్ రిపోర్టు కాదు.

జకాత్ లెక్క ఎట్లా వేయాలి? తులాల్లో అయోమయంగా ఉంది.

అయోమయం తులంలోనే ఉంది. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు అంగట్లో తులమంటే పది గ్రాములు. నిసాబ్ (జకాత్ పడే కనీస ఆస్తి) బంగారంలో ఏడున్నర పాత తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండిలో యాభై రెండున్నర తులాలు, 612.36 గ్రాములు. అంతకు మించిన ఆస్తి చేతిలోకొచ్చి ఒక చాంద్రమాన సంవత్సరం గడిస్తే నలభైలో ఒక వంతు.

గ్రాము బంగారం పది వేలని అనుకుందాం, లెక్క సులువవుతుంది. ఇంట్లో 60 గ్రాములు, రూ. 6 లక్షలు. నగదు లక్షన్నర. అంగట్లో అమ్మడానికున్న సరుకు రెండు లక్షలు. కట్టాల్సిన అప్పు యాభై వేలు తీసేయండి. మిగిలింది తొమ్మిది లక్షలు, జకాత్ రూ. 22,500. ఉండే ఇల్లు, తిరిగే బండి, కుట్టుమిషను లెక్కలోకి రావు. "బంగారం 87 గ్రాములు లేదు కదా" అని తప్పించుకోవద్దు, నగదు తోడైతే అంతా కలిపి వెండి నిసాబ్‌తో పోలుస్తారు. ఒంటి మీద వేసుకునే నగల మీద ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో హనఫీలు జకాత్ ఉందంటారు, షాఫయీలు లేదంటారు. మన దగ్గర ఎక్కువమంది హనఫీలే.

పంటకు వేరే లెక్క. వానకు పండితే పదో వంతు, బావి తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. నీళ్లకు పెట్టిన ఖర్చును గుర్తించిన పన్ను అది. బోరు మీద బోరు వేసి ఎండిపోయిన మన చేనుగట్ల మీద నిలబడి చదివితే ఆ సగం తగ్గింపు విలువ తెలుస్తుంది.

అమ్మానాన్నకు, కన్నబిడ్డలకు జకాత్ చెల్లదు, వాళ్లను చూసుకోవడం ఎట్లాగూ మీ బాధ్యతే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బీదవాళ్లైతే ఇవ్వొచ్చు.

నిజం చెప్పండి సార్, ఇది అర్థశాస్త్రమేనా, మతానికి కొత్త అంగీ తొడిగారా?

మంచి ప్రశ్న. "ఇస్లామిక్ ఎకనామిక్స్" అనే పేరుతో ఒక శాఖగా నిలబడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మక్కాలో మొదటి అంతర్జాతీయ సదస్సు 1976లో జరిగింది. అలీగఢ్‌లో పాఠం చెప్పిన నజాతుల్లా సిద్దీఖీ (1931–2022) లాంటివాళ్లు దాన్ని పెంచారు, ఆయనకు 1982లో కింగ్ ఫైసల్ బహుమతి వచ్చింది. ఆర్థికవేత్త తిమూర్ కురాన్ లాంటి విమర్శకులు అది ఆర్థిక శాస్త్రం కన్నా గుర్తింపు రాజకీయమే ఎక్కువన్నారు. జనం నిజంగా అట్లా ఖర్చు పెడుతున్నారా అని అడిగితే, రంజాన్ నెలలో మన వీధుల్లో సాయంత్రం రద్దీ చూడండి: ఉపవాసం ఉండే నెలలోనే వంటింటి ఖర్చు పెరుగుతుంది. నా మటుకు నాకు అది మనిషి ఎట్లా కొంటాడో చెప్పే శాస్త్రం కాదు, ఎట్లా కొనాలో చెప్పేది. పుస్తకంలోని "హేతుబద్ధ వినియోగదారుడు" కూడా కడపలో నాకెప్పుడూ తారసపడలేదు కాబట్టి ఆ మాటకొస్తే రెండూ సమానమే.

ఫిత్రా తలకు ఎంత? ఎప్పుడివ్వాలి?

గోధుమైతే తలకు దాదాపు పావు తక్కువ రెండు కేజీలు, ఖర్జూరమో ఎండుద్రాక్షో అయితే దానికి రెండింతలు, లేదా ఆ ధర. ఇంట్లో చంటిబిడ్డ పేరు మీద కూడా. చాలామంది గోధుమ ధరే కట్టేసి ఊరుకుంటారు, ఉన్నవాళ్లు ఎండుద్రాక్ష ధర కట్టొచ్చు కదా అని ఏటా అడుగుతూనే ఉన్నాను. ఈద్ నమాజుకు వెళ్లకముందే ఇచ్చేయాలి. నాలుగు రోజుల ముందే ఇస్తే ఇంకా మేలు, ఆ ఇంట్లోవాళ్లు షీర్ ఖుర్మాకు సేమియా కొనుక్కోవడానికి అంగళ్లు తెరిచి ఉంటాయి.